ఛాయాచిత్రాల ఆధారంగా వృక్షజాతుల గుర్తింపు: డీప్ లెర్నింగ్ కచ్చితత్వ ప్రకటనలపై విమర్శ

వ్యాససంగ్రహం

మొక్క ఛాయాచిత్రాన్ని చూసి దాని జాతిని చెప్పే డీప్ లెర్నింగ్ మోడళ్లపై గత దశాబ్దంలో పరిశోధన విస్తారంగా జరిగింది. ఈ రంగంలో వచ్చే వ్యాసాల్లో 95 శాతానికి మించిన కచ్చితత్వం ప్రకటించడం పరిపాటి అయింది. ఆ శాతం దేనిని కొలుస్తున్నదన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. ఫ్లేవియా, లీఫ్‌స్నాప్, ప్లాంట్‌విలేజ్, ఐనాచురలిస్ట్, ప్లాంట్‌నెట్-300కె దత్తాంశ సముదాయాల స్వరూపాన్ని ఇందులో పరిశీలించడం జరిగింది. చిత్రాలను సేకరించిన తీరు, శిక్షణకూ పరీక్షకూ వాటిని విభజించిన తీరు, ఒంటి ఆకుపై ఆధారపడటం, అరుదైన జాతుల కొరత, మొక్కల పేర్లలోని అస్పష్టత అనే అయిదు అంశాలు కచ్చితత్వ ప్రకటనలను బలహీనపరుస్తున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చివర పరిశోధకులు అనుసరించదగిన కొన్ని నియమాలను సూచిస్తుంది.

కీలకపదాలు: డీప్ లెర్నింగ్, వృక్షవర్గీకరణ, దత్తాంశ సముదాయం, కచ్చితత్వం, హెర్బేరియం, సంయుక్త పత్రం, స్థానిక నామాలు.

1. ఉపోద్ఘాతం

వృక్షశాస్త్ర అధ్యయనానికి జాతి గుర్తింపు పునాది. ఔషధ రసాయన పరీక్ష, జీవవైవిధ్య గణన, అటవీ రక్షణ, కలుపు నివారణ వీటిలో ఏది చేపట్టాలన్నా ముందు చేతిలో ఉన్న మొక్క ఏదో తెలియాలి. అక్కడ పొరపాటు జరిగితే తరువాతి శ్రమ అంతా వేరొక మొక్కకు చెందుతుంది. వర్గీకరణలో తర్ఫీదు పొందిన అధ్యాపకులు కళాశాలల్లో తగ్గుతున్న కాలంలో, ఫోటో తీస్తే పేరు చెప్పే సాధనం ఆకర్షించడం సహజం.

కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్ చిత్రంలోని అంచులను, రంగు మార్పులను మొదటి పొరల్లో గ్రహిస్తుంది. వాటిని కలుపుకొంటూ పై పొరల్లో ఆకృతులను నిర్మించుకుంటుంది. చివరి పొర ఒక్కొక్క జాతికి ఒక్కొక్క సంభావ్యతను ఇస్తుంది. 2012లో అలెక్స్‌నెట్ ఇమేజ్‌నెట్ పోటీలో సాధించిన విజయం తరువాత ఈ పద్ధతి వృక్షశాస్త్రంలోకీ వేగంగా వచ్చింది. లక్షలాది సాధారణ చిత్రాలపై ముందే శిక్షణ పొందిన మోడల్‌ను తెచ్చి, చివరి పొరలను కొత్త దత్తాంశంపై సవరించుకునే వీలుండటంతో కొద్ది వందల ఆకుల ఫోటోలున్న పరిశోధకుడు సైతం ప్రయోగం చేయగలుగుతున్నాడు. ఇది మంచి పరిణామమే. అయితే ప్రయోగం సులభమైనంతగా ఫలితాన్ని పరీక్షించే పద్ధతి బలపడలేదు. ఈ వ్యాసం విమర్శించేది ఆ అంతరాన్నే గాని సాంకేతికతను కాదు.

2. పూర్వరంగం: గుర్తింపునకు చాలిన చిత్రం ఏది?

చిత్రం ద్వారా మొక్కను గుర్తించే ప్రయత్నం కంప్యూటర్లతో మొదలు కాలేదు. తెలుగు నేలపైనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ కోస్తా ప్రాంతపు మొక్కలను సేకరించి, వర్ణించి, భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్లిన తరువాత, 1795 నుంచి ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ మూడు సంపుటాలుగా 300 చిత్రఫలకాలతో వెలువడింది. ఆయన స్థానికుల నోట విన్న తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. సోమిద చెట్టు ప్రజాతికి నేడున్న సోయ్‌మిడా అనే శాస్త్రనామానికి మూలం తెలుగు పేరే.

ఆ ఫలకాల రచనలో మన చర్చకు పనికివచ్చే విషయం ఒకటుంది. వాటిలో కొమ్మ, ఆకుల అమరిక, పుష్పవిన్యాసం ఉంటాయి. వాటితోపాటు విడదీసిన పువ్వు భాగాలు, కాయ, గింజ వంటివి ప్రత్యేకంగా చూపబడతాయి. అంటే చిత్రకారుడు కంటికి కనిపించిన దృశ్యంతో సరిపెట్టుకోలేదు. ఆ జాతిని దాని దగ్గరి బంధువుల నుంచి వేరు చేసే లక్షణాలన్నీ కాగితంపైకి వచ్చేలా చూశాడు. నేటి మోడల్‌కు అందుతున్న ఫోటో అలాంటిది కాదు. అందులో ఏ లక్షణం పడిందో, ఏది పడలేదో ఎవరూ నిర్ణయించలేదు. అందుచేత మోడల్‌ను విమర్శించడానికి ముందు దానికి ఇచ్చిన సాక్ష్యాన్ని పరిశీలించాలి.

3. దత్తాంశ సముదాయాల స్వభావం

తొలి దత్తాంశ సముదాయాలు చిన్నవి, శుభ్రమైనవి. 2001లో వచ్చిన స్వీడిష్ లీఫ్ సముదాయంలో 15 జాతుల చెట్లు, జాతికి 75 చొప్పున 1,125 ఆకుల చిత్రాలు ఉన్నాయి. 2007లో చైనా పరిశోధకులు అందించిన ఫ్లేవియాలో 32 జాతులకు 1,907 చిత్రాలు, అంటే జాతికి సగటున 60 ఉన్నాయి. తెల్లని నేపథ్యం మీద ఒక్కొక్క ఆకే ఉంటుంది. పత్రవృంతం తొలగించి ఉంటుంది. పత్రవృంతం పొడవు, దాని మీది గ్రంథులు, మొదట్లో ఉండే పత్రపుచ్ఛాలు వర్గీకరణలో కీలక లక్షణాలన్నది డిగ్రీ విద్యార్థికి తెలిసిన విషయమే. వాటిని తీసివేసిన తరువాత మిగిలేది పత్రదళపు ఆకృతి మాత్రమే.

2012లో ప్రచురితమైన లీఫ్‌స్నాప్ ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. కొలంబియా, మేరీలాండ్ విశ్వవిద్యాలయాలు, స్మిత్సోనియన్ సంస్థ కలిసి రూపొందించిన ఈ పథకంలో ఈశాన్య అమెరికాకు చెందిన 184 చెట్ల జాతులు ఉన్నాయి. అందులోని చిత్రాలు రెండు రాశులుగా ఉన్నాయి: ప్రయోగశాలలో తీసినవి 23,147, ఆరుబయట చరవాణులతో తీసినవి 7,719. అది డీప్ లెర్నింగ్ పద్ధతి కాదు. ఆకు అంచుల వంపులను కొలిచే పద్ధతి. అయినా ప్రయోగశాల చిత్రమూ క్షేత్ర చిత్రమూ ఒకటి కావని దత్తాంశ నిర్మాణంలోనే అంగీకరించడం దాని విశిష్టత. తరువాత వచ్చిన అనేక రచనలు, పద్ధతిలో ఎంతో ముందున్నా, ఈ విచక్షణను పాటించలేదు.

చిన్న సముదాయాల్లో మరొక చిక్కు ఉంది. జాతికి 60 ఆకులు సేకరించామన్నప్పుడు అవి ఎన్ని చెట్ల నుంచి వచ్చాయన్న ప్రశ్న వస్తుంది. కళాశాల ఆవరణలోని రెండు చెట్ల నుంచి ఒకే రోజు, ఒకే వెలుగులో సేకరించిన 60 ఆకులను యాదృచ్ఛికంగా 80:20 నిష్పత్తిలో విభజిస్తే, పరీక్షకు మిగిలిన 12 ఆకుల తోబుట్టువులను మోడల్ అప్పటికే చూసి ఉంటుంది. అప్పుడు అది జవాబు చెబుతున్న ప్రశ్న ‘ఈ ఆకు ఏ జాతిది’ అన్నది కాదు, ‘ఈ ఆకు మన ఆవరణలోని ఏ చెట్టుది’ అన్నది. విభజన చిత్రాల స్థాయిలో గాక మొక్కల స్థాయిలో జరగాలి. 2011లో 71 చెట్ల జాతులతో మొదలైన అంతర్జాతీయ పోటీ, తరువాత ప్లాంట్‌క్లెఫ్‌గా పేరుపొందినది, మొదటి నుంచీ ఈ మెలకువ పాటించింది. అయినప్పటికీ ఎన్ని చెట్ల నుంచి సేకరించారో చెప్పని వ్యాసాలు నేటికీ ప్రచురితం అవుతూనే ఉన్నాయి.

4. తొంభై తొమ్మిది శాతం వెనుక

ఈ చర్చలో ప్లాంట్‌విలేజ్ ఉదంతం చాలా బోధప్రదమైనది. అది జాతుల గుర్తింపు కోసం ఉద్దేశించినది కాదు. పంట, తెగులు జంటల గుర్తింపు కోసం ఏర్పడింది. అయినా ఆకు చిత్రాల రంగమంతటికీ అది ప్రమాణంగా వాడుకలోకి వచ్చింది. 2016లో మొహంతి, హ్యూజ్, సలాథే 14 పంటలకు, 26 తెగుళ్లకు చెందిన 54,306 చిత్రాలను 38 వర్గాలుగా తీసుకొని 99.35 శాతం కచ్చితత్వం సాధించినట్లు ప్రకటించారు. ఈ సంఖ్యను ఉదహరించని వ్యాసం ఈ రంగంలో అరుదు. అదే వ్యాసంలో వారు మరొక సంఖ్యను కూడా ఇచ్చారు. భిన్న పరిస్థితుల్లో తీసిన, ఇతర విశ్వసనీయ ఆధారాల నుంచి సేకరించిన చిత్రాలపై పరీక్షిస్తే కచ్చితత్వం సుమారు 31 శాతానికి పడిపోయింది. మొదటి సంఖ్య ప్రసిద్ధికెక్కింది. రెండవది మరుగున పడింది. ఇందులో మూల రచయితల దోషం లేదు. దోషం ఉదహరించినవారిది.

కారణం ఏమిటన్నదానికి 2022లో నోయాన్ బృందం చేసిన పరీక్ష కొంత వెలుగునిస్తుంది. వారు చిత్రంలోని ఆకును పూర్తిగా వదిలివేసి, నేపథ్యం నుంచి కేవలం 8 పిక్సెళ్లు తీసుకొని మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. 38 వర్గాల్లో గుడ్డిగా ఊహిస్తే 2.6 శాతం సరిపోవాలి. ఆ మోడల్ 49 శాతం సరిగా చెప్పింది. అంటే ఆకును చూడకుండానే సగం జవాబులు తెలిశాయి. ఒక్కొక్క వర్గం చిత్రాలను ఒక్కొక్క సందర్భంలో, ఒకే రకపు కాగితం మీద, ఒకే వెలుతురులో తీస్తే ఆ సందర్భపు జాడే వర్గానికి గుర్తుగా మారుతుంది.

దీనికి ఒక ప్రతివాదం ఉంది. మొహంతి బృందం నేపథ్యాన్ని తొలగించిన చిత్రాలపై కూడా ప్రయోగం చేసింది. కచ్చితత్వం పెద్దగా తగ్గలేదు. కనుక మోడల్ ఆకునే చూస్తున్నదని వాదించవచ్చు. ఈ వాదం కొంతవరకే నిలుస్తుంది. నేపథ్యాన్ని కత్తిరించినా వెలుతురు రంగు, కెమెరా స్వభావం ఆకు మీద పడినంత మేర అలాగే ఉండిపోతాయి. పైగా నేపథ్యం లేకుండా అదే సముదాయంలో నెగ్గడం వేరు, కొత్త సముదాయంలో నెగ్గడం వేరు. మోడల్ లోపల ఏది చూస్తున్నదో నిశ్చయంగా చెప్పలేనప్పుడు, బయటి నుంచి తెచ్చిన చిత్రాలపై పరీక్షించడం ఒక్కటే నమ్మదగిన మార్గం. ఆ పరీక్షలో వచ్చిన సంఖ్య 31.

5. ఒంటి ఆకు చెప్పగలిగినది, చెప్పలేనిది

వేపను, తురకవేపగా వ్యవహరించే మీలియాను ఉదాహరణగా తీసుకుందాం. లిన్నేయస్ 1753లో ఈ రెండింటినీ మీలియా అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. వేప అజాడిరక్టాగా వేరుపడటం తరువాతి మాట. రెండింటి పత్రకాల అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. తెగిపడిన ఒక్క పత్రకం చూసి తడబడటానికి అవకాశం ఉంది. కాని మొత్తం ఆకును చూస్తే సందేహం తీరుతుంది. వేప ఆకు ఒక్కసారి చీలిన పిచ్ఛాకార సంయుక్త పత్రం. మీలియా ఆకు రెండు మూడు సార్లు చీలుతుంది. తేడా చీలికలో ఉంది. పత్రకాన్ని ఆకుగా భావించి తెల్ల కాగితం మీద పెట్టి ఫోటో తీసిన క్షణంలోనే ఆ లక్షణం దత్తాంశం నుంచి తొలగిపోయింది. ఎంత లోతైన నెట్‌వర్క్ అయినా లేని లక్షణాన్ని నేర్చుకోలేదు.

తూర్పు కనుమల దక్షిణ భాగానికి పరిమితమైన ఎర్రచందనం విషయమూ అంతే. దాని ఆకులో సాధారణంగా మూడు పత్రకాలు ఉంటాయి. అదే ప్రజాతికి చెందిన వేగిలో అయిదు నుంచి ఏడు వరకు ఉంటాయి. పత్రకాల సంఖ్య చెప్పే ఆధారం ఒంటి పత్రకపు చిత్రంలో ఉండదు. ఇక అటవీ రక్షణలో గుర్తించవలసి వచ్చేది ఆకును కాదు, నరికిన దుంగను. ఎర్రచందనం అక్రమ రవాణా నివారణకు ఉపయోగపడుతుందని ప్రస్తావనలో చెప్పి ఆకులపై మోడల్ నిర్మించే వ్యాసం తన ప్రయోజనాన్ని తానే పరిశీలించుకోలేదన్నమాట.

దేవకాంచన జాతుల్లో చిక్కు మరో రకం. బహీనియా పర్పురియా, బహీనియా వేరిగేటా రెండింటి ఆకులూ రెండుగా చీలి ఒకే తీరుగా ఉంటాయి. మొదటిదాని పువ్వులో సాధారణంగా మూడు ఫలవంతమైన కేసరాలు, రెండవదానిలో అయిదు ఉంటాయి. పూసే కాలాలు కూడా వేరు. ఇక్కడ ఆకు మీద ఆధారపడిన మోడల్ 98 శాతం చూపితే అది ఆనందించవలసిన విషయం కాదు, అనుమానించవలసిన విషయం.

అయితే ఆకులో మనం గమనించని సమాచారాన్ని యంత్రం గ్రహించవచ్చునన్నది కూడా నిజం. 2015లో స్యూ హాన్ లీ బృందం ఇంగ్లండులోని క్యూ ఉద్యానంలో సేకరించిన 44 జాతుల ఆకులపై పనిచేసి, నెట్‌వర్క్ దేనికి స్పందిస్తున్నదో దృశ్యరూపంలో పరిశీలించింది. ఆకు బాహ్యాకృతి కంటే ఈనెల వ్యాపనం గుర్తింపునకు ఎక్కువ తోడ్పడుతున్నదని వారు కనుగొన్నారు. ఆకు నుంచి కత్తిరించిన ముక్కలతోనే ఈ విషయం తేలడం గమనార్హం. కచ్చితత్వాన్ని ప్రకటించి ఊరుకోకుండా, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికిన ఇటువంటి పని వృక్షశాస్త్రానికి కొత్త జ్ఞానాన్ని చేరుస్తుంది.

6. అరుదైన జాతులు, సగటు మోసం

ప్రకృతిలో జాతుల విస్తరణ సమానంగా ఉండదు. ఫోటోల విస్తరణ అంతకంటే అసమానం. 2021లో విడుదలైన ప్లాంట్‌నెట్-300కె సముదాయంలో 1,081 జాతులకు 3,06,146 చిత్రాలు ఉన్నాయి. అందులో 80 శాతం జాతులకు కలిపి దక్కినవి 11 శాతం చిత్రాలే. వాస్తవానికి దగ్గరగా ఉండాలన్న ఉద్దేశంతో నిర్మాతలు ఈ అసమానతను కావాలనే నిలిపి ఉంచారు.

ఇటువంటి చోట మొత్తం కచ్చితత్వం ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఒక చిన్న లెక్క చూపుతుంది. పది జాతులకు 1,000 చిత్రాలున్నాయనీ, వాటిలో ఒక జాతికి 910, మిగిలిన తొమ్మిదింటికీ పదేసి చొప్పున ఉన్నాయనీ అనుకుందాం. ప్రతి చిత్రానికీ మొదటి జాతి పేరే చెప్పే మోడల్‌కు 91 శాతం కచ్చితత్వం వస్తుంది. జాతులవారీగా లెక్కగట్టి సగటు తీస్తే అది 10 శాతం. రెండు సంఖ్యలూ నిజమే. మొదటిది మాత్రమే ప్రకటిస్తే పాఠకుడు మోసపోతాడు. తిరుమల కొండల ప్రాంతానికి పరిమితమైన పేరిత వంటి సైకస్ జాతి విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. సంరక్షణ కోసం గుర్తించవలసిన మొక్కే సగటులో కనబడకుండా పోతుంది.

2018లో ప్రచురితమైన ఐనాచురలిస్ట్ పరిశోధనలో 5,000కు పైగా మొక్కల, జంతువుల జాతులకు చెందిన 8,59,000 చిత్రాలపై నాటి మేటి మోడల్ మొదటి సూచనలోనే సరిగా చెప్పినది 67 శాతం. ముప్పై జాతులపై 99 శాతం కన్నా ఈ 67 విలువైనది. ఇది నిజమైన కష్టాన్ని కొలిచింది. 30 జాతులే తెలిసిన మోడల్ 31వ మొక్కను చూసినప్పుడు కూడా ఆ 30లోనే ఒక పేరు చెబుతుంది. తనకు తెలియదని చెప్పే ఏర్పాటు దానిలో లేదు. భారతదేశంలో పుష్పించే మొక్కల జాతులే 17,000కు పైగా ఉన్నాయి. అడవిలో నడిచే మనిషికి ఎదురయ్యే దాదాపు ప్రతి మొక్కా ఆ మోడల్‌కు 31వ మొక్కే.

7. పేరు పెట్టడంలో తడబాటు

మోడల్ నేర్చుకునేది మనం ఇచ్చిన పేరును. ఆ పేరే సందిగ్ధమైతే కచ్చితత్వానికి అర్థం లేదు. ఔషధ మొక్కలపై మనదేశంలో జరుగుతున్న పరిశోధనల్లో ఈ సమస్య తీవ్రం. బ్రాహ్మి అన్న పేరు కొన్నిచోట్ల బకోపా మొన్నీరికి, కొన్నిచోట్ల మనం సరస్వతి ఆకు అని పిలిచే సెంటెల్లా ఏషియాటికాకు చెల్లుతున్నది. ఈ రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. శంఖపుష్పి పేరు కాన్వాల్వులస్ జాతికీ, తెలుగువారు విష్ణుక్రాంత అనే ఇవాల్వులస్‌కూ, శంఖపుష్పంగా పిలిచే క్లైటోరియాకూ వాడుకలో ఉంది. దీనికి విపర్యయంగా కృష్ణతులసి, లక్ష్మీతులసి అని వేరుగా పూజలందుకునేవి ఒకే జాతిలోని రూపభేదాలు. వాటిని రెండు వర్గాలుగా పెడితే మోడల్ ఆకు రంగును బట్టి చక్కగా విడదీస్తుంది, కచ్చితత్వం పెరుగుతుంది, వర్గీకరణ తప్పుతుంది.

పరిష్కారం స్థానిక నామాలను విడిచిపెట్టడం కాదు. రాక్స్‌బర్గ్ చేసినట్లు స్థానిక నామాన్ని, శాస్త్రనామాన్ని, సేకరించిన చోటును కలిపి నమోదు చేయాలి. ప్రతి జాతికీ కనీసం ఒక ఎండు నమూనాను హెర్బేరియంలో భద్రపరచి, దాని సంఖ్యను దత్తాంశంలో చూపాలి. రేపు పేరుపై వివాదం వస్తే తేల్చగలిగేది ఆ నమూనాయే గాని ఫోటో కాదు. అడవినాభి దుంపను తినదగిన దుంపగా పొరబడితే ప్రాణం మీదికి వస్తుంది. వైద్యానికో ఆహారానికో మొక్కను గుర్తించే సాధనం నిర్మిస్తున్నామని చెప్పే పరిశోధకుడికి ఈ బాధ్యత తప్పదు.

8. ప్రతిపాదనలు

పై చర్చ ఆధారంగా ఈ రంగంలో పనిచేసే పరిశోధకులకు, వారి వ్యాసాలను సమీక్షించేవారికి కింది నియమాలను సూచించవచ్చు.

1. జాతికి ఎన్ని చిత్రాలు అన్నదానితోపాటు ఎన్ని మొక్కలు, ఎన్ని ప్రదేశాలు, ఏ మాసాలు అన్నది కూడా ప్రకటించాలి.

2. శిక్షణ, పరీక్షల విభజన మొక్కల స్థాయిలో, వీలైతే ప్రదేశాల స్థాయిలో జరగాలి.

3. దత్తాంశంతో సంబంధం లేని మరొకరు, మరొక ఊరిలో తీసిన చిత్రాలపై పరీక్షించి ఆ ఫలితాన్ని వ్యాససంగ్రహంలోనే చెప్పాలి.

4. నేపథ్యం మాత్రమే చూపి మోడల్‌ను పరీక్షించాలి. ఆ ఫలితం గుడ్డి ఊహను గణనీయంగా మించితే దత్తాంశాన్ని తిరిగి సేకరించాలి.

5. మొత్తం కచ్చితత్వంతోపాటు జాతులవారీ సగటును, ఏ జాతి దేనితో కలగాపులగం అయిందో చూపే పట్టికను ఇవ్వాలి. ఆ తికమకలకు వృక్షశాస్త్రపరమైన వివరణ ఉండాలి.

6. శిక్షణలో లేని జాతులను చూపినప్పుడు మోడల్ ఏమి చెబుతున్నదో నమోదు చేయాలి.

7. వర్గీకరణ నిపుణుడి ధ్రువీకరణ, హెర్బేరియం నమూనా సంఖ్య తప్పనిసరి కావాలి.

వీటికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కావలసినది కాలినడకన తిరిగి, వేర్వేరు చెట్లను, ఋతువులను వెతికి సేకరించే ఓపిక. ఒక మండలంలోని 50 జాతులను ఏడాది పొడవునా ఆకు, పువ్వు, కాయ, బెరడుతో సహా నమోదు చేసిన దత్తాంశం, దిగుమతి చేసుకున్న పాత దత్తాంశంపై కొత్త నెట్‌వర్క్‌ను నడపడం కంటే మేలైన పరిశోధన అవుతుంది. ఒకే మొక్కకు చెందిన వేర్వేరు అవయవాల చిత్రాలను స్వీకరించి, ఒక్క పేరు గాక సంభావ్యతల క్రమంలో కొన్ని పేర్లను సూచించే ప్లాంట్‌నెట్ విధానం ఈ దిశలో అనుసరణీయం. తుది నిర్ణయాన్ని అది మనిషికే వదిలిపెడుతుంది.

9. ముగింపు

డీప్ లెర్నింగ్ వృక్షజాతుల గుర్తింపులో నిలదొక్కుకున్న పద్ధతి. దాని శక్తిని సందేహించనక్కరలేదు. సందేహించవలసినది, ప్రయోగశాల గోడల మధ్య పుట్టిన ఒక శాతాన్ని అడవికీ, పొలానికీ, మందుల అంగడికీ యథాతథంగా వర్తింపజేసే అలవాటును. పరిశీలించిన దత్తాంశాలు తెలిపేది ఒక్కటే. చిత్రం తీసిన తీరు, విభజించిన తీరు, పేరు పెట్టిన తీరు తెలియనిదే కచ్చితత్వ సంఖ్యకు విలువ కట్టలేము. కంప్యూటర్ శాస్త్ర విభాగంలో జరిగే ఇటువంటి పరిశోధనకు వృక్షశాస్త్ర అధ్యాపకుడు సహపర్యవేక్షకుడుగా ఉండటం, వృక్షశాస్త్ర విద్యార్థి దత్తాంశ విభజన సూత్రాలను నేర్చుకోవడం ఇందుకు తొలి మెట్టు. హెర్బేరియంలో అట్ట మీద కుట్టిన కొమ్మకు, చరవాణిలోని ఫోటోకు మధ్య ఆ సంబంధం ఏర్పడినప్పుడే మోడల్ చెప్పిన పేరును నమ్మి తరువాతి పరిశోధనకు పూనుకోగలం.